‘అంగీకరిస్తున్నాను’ నొక్కక తప్పని చోట

‘రేపటి నుంచి మీ ఫోటోలు, మీరు రాసినవన్నీ ఫేస్‌బుక్ సొంతమైపోతాయి. మీకు ఇష్టం లేకపోతే ఈ మెసేజ్ కాపీ చేసి మీ వాల్ మీద పెట్టండి.’ ఈ ఫార్వర్డ్ అప్పుడప్పుడూ ఏదో ఒక ఫ్యామిలీ గ్రూపులో తేలుతూనే ఉంటుంది. చట్టం దృష్టిలో దానికి పూచికపుల్లంత విలువ లేదు. అకౌంట్ తెరిచినప్పుడు ఒప్పుకున్న షరతులు వాల్ మీద రాసిన రాతతో రద్దయిపోవు. అయినా బ్యాంకులో మేనేజర్‌గా చేసి రిటైరైన పెద్దమనిషి కూడా దాన్ని పెడతాడు. ఆయన్ని చూసి నవ్వేవాళ్లంటే నాకు కష్టంగా ఉంటుంది. మెసేజ్ అబద్ధమే కానీ భయం నిజం. తన గురించి ఎవరికో చాలా తెలిసిపోతోందని, వద్దని చెప్పే దారి తనకు లేదని ఆయనకు అర్థమైంది. ఎవరికి చెప్పాలో తెలియక వాల్ మీద రాశాడు.

పెద్ద టెక్ కంపెనీల మీద జనానికున్న అపనమ్మకాన్ని కాస్త విడదీసి చూస్తే అందులో మూడు భయాలు కలిసిపోయి కనిపిస్తాయి. నా మాటలు ఎవరో వింటున్నారన్నది మొదటిది. నా వివరాలు పోగేసి సొమ్ము చేసుకుంటున్నారన్నది రెండోది. ఇష్టం లేకపోయినా వీళ్లని వదిలి వెళ్లలేకపోతున్నానన్నది మూడోది. మొదటిదాని గురించే అందరూ మాట్లాడతారు, అందులో నిజం తక్కువ. రెండోది చాలావరకు నిజం. మూడోదాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మిగతా రెండింటికీ బలం వచ్చేది మాత్రం అక్కడి నుంచే. గోప్యత ఒక సమస్య, కంపెనీల పెత్తనం ఇంకో సమస్య అని విడివిడిగా చూసినంతకాలం ఈ చిక్కుముడి విడదని నా నమ్మకం. ఎందుకో చెప్పడానికి వాట్సాప్ కథ సరిపోతుంది. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారమే మన దేశంలో దాన్ని 53 కోట్ల మంది వాడుతున్నారు.

మెసేజ్‌లు చదువుతారా?

మనుషులతో మనం చేసే చాటింగ్‌కి, కాల్స్‌కి 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌లో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది. పంపేవాళ్ల ఫోన్‌లోనే మెసేజ్ గుప్తలిపిలోకి మారిపోతుంది. దాన్ని మళ్లీ మామూలు అక్షరాల్లోకి తెచ్చే కీ అందుకునేవాళ్ల ఫోన్‌లో తప్ప ఇంకెక్కడా ఉండదు. మధ్యలో కంపెనీ సర్వర్ల గుండా వెళ్లేది ఎవరికీ అర్థం కాని సంకేతాల గుట్ట. ఇందుకు వాడిన సిగ్నల్ ప్రోటోకాల్‌ని బయటి నిపుణులు ఎన్నోసార్లు పరీక్షించారు. కాబట్టి మీరు మీ అక్కకి పెట్టిన మెసేజ్‌ని అమెరికాలో ఎవరో కూర్చుని చదువుతున్నారన్న అనుమానం అక్కర్లేదు.

కొన్ని మినహాయింపులు మాత్రం తెలిసి ఉండాలి. ఎవరినైనా రిపోర్ట్ చేస్తే ఆ చాట్‌లోని చివరి ఐదు మెసేజ్‌లు వాట్సాప్‌కి వెళ్తాయి. గూగుల్ డ్రైవ్‌లోనో ఐక్లౌడ్‌లోనో పెట్టుకున్న బ్యాకప్‌కి ఈ రక్షణ దానంతటదే రాదు, సెట్టింగ్స్‌లోకి వెళ్లి మనమే ఆన్ చేసుకోవాలి. వాట్సాప్‌లో కనిపించే చాట్‌బాట్ మెటా ఏఐని అడిగిన ప్రశ్నలు మెటాకి (ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే కంపెనీ ఇప్పటి పేరు) చేరతాయి, చేరకపోతే అది జవాబు చెప్పలేదు. వ్యాపార సంస్థలతో చేసే చాటింగ్ సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

‘చెప్పుల గురించి మాట్లాడుకున్నాం, పది నిమిషాల్లో చెప్పుల యాడ్ వచ్చింది, ఫోన్ వింటోంది’ అనే మాట కూడా చాలామంది అంటారు. ఫేస్‌బుక్ దీన్ని పదేపదే ఖండించింది. ఆ మాటను నమ్మాలా వద్దా అన్నది పక్కన పెట్టినా, వినాల్సిన అవసరం వాళ్లకి లేదన్నది గమనించాలి. మీ ఇంటి వైఫై మీద మీ చెల్లెలు నిన్న చెప్పులు వెతికింది. మీరిద్దరూ ఒకే ఊళ్లో, ఒకే వయసు వర్గంలో ఉన్నారు. పోయిన నెల మీరు ఒక చెప్పుల పేజీ దగ్గర నాలుగు క్షణాలు ఎక్కువ ఆగారు. యాడ్ చూపించడానికి ఇవి చాలు. మైకు వినడం కంటే ఇది చౌక, పైగా చాలావరకు చట్టబద్ధం. నన్ను కలవరపెట్టేది ఈ సంగతే.

మాట ఇచ్చినవాళ్లు, మాట మార్చినవాళ్లు

2009లో వాట్సాప్ మొదలుపెట్టిన ఇద్దరిలో జాన్ కౌమ్ ఒకరు. సోవియట్ కాలపు ఉక్రెయిన్‌లో పెరిగి, 16వ ఏట తల్లితో కలిసి అమెరికా చేరారు. ఫోన్‌లో మాట్లాడాలంటే ఎవరైనా వింటారేమోనని భయపడే చోట పెరిగినవాడు కాబట్టి ఆయనకి గోప్యత అంటే పట్టింపు. రెండో వ్యవస్థాపకుడు బ్రయాన్ యాక్టన్. ప్రకటనలు వద్దు, ఆటలు వద్దు, జిమ్మిక్కులు వద్దు అని ఆయన రాసిచ్చిన చీటీ కౌమ్ తన డెస్క్ మీద పెట్టుకున్నారు. ఏడాదికి ఒక డాలర్ చందా తీసుకుని నడపాలన్నది వాళ్ల ఆలోచన.

2014 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ ఈ కంపెనీని 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. అప్పటికి వాట్సాప్‌లో పనిచేసేవాళ్లు యాభై చిల్లర మంది. అంతకుముందు ఏడాది దాని ఆదాయం కోటి డాలర్ల పైచిలుకు మాత్రమే. అంత చిన్న ఆదాయానికి అంత ధర ఎవరూ పెట్టరు. ఫేస్‌బుక్ కొన్నది దాని వెనక ఉన్న 45 కోట్ల మంది జనాన్ని, వాళ్ల ఫోన్ నంబర్లను, రోజూ ఒకరితో ఒకరు మాట్లాడుకునే అలవాటును. పోటీ పడడం కన్నా కొనేయడం మేలన్న మాట మార్క్ జుకర్‌బర్గ్ 2008లోనే ఒక ఈమెయిల్‌లో రాశారు. తర్వాత అమెరికా ప్రభుత్వం వేసిన కేసులో అది సాక్ష్యంగా ముందుకొచ్చింది.

కొన్నప్పుడు ఏమీ మారదని కౌమ్ స్వయంగా రాశారు. ఈ కొనుగోలును పరిశీలించిన యూరోపియన్ కమిషన్ అడిగినప్పుడు, రెండు సర్వీసుల అకౌంట్లనూ ఆటోమేటిగ్గా, నమ్మకంగా జత చేయడం సాధ్యం కాదని ఫేస్‌బుక్ చెప్పింది. రెండేళ్లు తిరిగేసరికి, 2016 ఆగస్టులో, ఫోన్ నంబర్లు ఫేస్‌బుక్‌తో పంచుకుంటామని కొత్త పాలసీ వచ్చింది. 2014లోనే అలా జత చేసే అవకాశం ఉందని ఫేస్‌బుక్ సిబ్బందికి తెలుసని తేల్చిన కమిషన్, తప్పుదోవ పట్టించే సమాచారం ఇచ్చినందుకు 2017 మేలో 11 కోట్ల యూరోల జరిమానా వేసింది. కొనుగోలు మాత్రం రద్దు కాలేదు. యాక్టన్ 2017లో, కౌమ్ 2018లో బయటికి వచ్చేశారు. గడువుకు ముందే వెళ్లిపోవడం వల్ల యాక్టన్ వదులుకున్న షేర్ల విలువ దాదాపు 85 కోట్ల డాలర్లు. తన వినియోగదారుల గోప్యతను తాను అమ్ముకున్నానని ఆయన తర్వాత ఒక ఇంటర్వ్యూలో బాహాటంగానే ఒప్పుకున్నారు.

2016 పాలసీకి, 2021 పాలసీకి తేడా తెలియాలంటే ఆ రెండు తెరలనూ దగ్గరగా చూడాలి. 2016లో వచ్చిన తెరలో కింద ‘ఇంకా చదవండి’ అని ఉండేది. అది తెరిస్తే అడుగున ఒక చిన్న టిక్ మార్కు, ముందే పెట్టేసి ఉండేది: నా అకౌంట్ సమాచారాన్ని ఫేస్‌బుక్‌తో పంచుకోవచ్చు అని. ఓపిగ్గా కిందిదాకా చదివినవాళ్లు ఆ టిక్ తీసేయగలిగేవారు. ఒప్పుకున్నాక మనసు మార్చుకోవడానికి 30 రోజుల గడువు కూడా ఇచ్చారు. దాచిపెట్టినట్టుగా ఉన్నా, వద్దనే దారి ఒకటి ఉంది.

2021 జనవరి మొదటి వారంలో వచ్చిన తెరలో ఆ టిక్ లేదు. షరతులు మారుతున్నాయని, ఫిబ్రవరి 8 తర్వాత వాట్సాప్ వాడాలంటే ఒప్పుకోవాల్సిందేనని ఉంది. కింద ‘అంగీకరిస్తున్నాను’ అనే బటన్. వద్దనుకునేవాళ్లకి ‘ఇప్పుడు కాదు’ అని ఒకటి. ఎప్పటికీ కాదు అనే బటన్ లేదు.

జనం భగ్గుమన్నారు. కొన్ని రోజుల్లోనే మన దేశంలో ఎక్కువమంది దించుకున్న ఉచిత యాప్‌గా, వాట్సాప్‌కి పోటీగా ఉన్న సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ మొదటి స్థానానికి చేరింది. వాట్సాప్ పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలిచ్చి, గడువును మే 15కి జరిపింది. ఇదే పాలసీ కింద యూరప్‌లోని వినియోగదారుల డేటాను ప్రకటనల కోసం ఫేస్‌బుక్‌కి ఇవ్వబోమని కంపెనీ చెప్పింది. అక్కడ 2018 మే నుంచి జీడీపీఆర్ అనే కఠినమైన డేటా రక్షణ చట్టం అమల్లో ఉంది. కంపెనీ ఒకటే, యాప్ ఒకటే. చట్టం ఉన్నవాళ్లకి ఒక షరతు, లేనివాళ్లకి ఇంకో షరతు.

ఉత్తరం విప్పకుండానే

ఇంతకీ పంచుకునేది ఏమిటి? పాలసీలోనే జాబితా ఉంది. రిజిస్టర్ చేసుకున్న ఫోన్ నంబరు, లావాదేవీల వివరాలు, ఫోన్ మోడల్ లాంటి పరికర సమాచారం, ఐపీ అడ్రస్, వ్యాపారాలతో సహా ఇతరులతో మీరు ఎలా వ్యవహరిస్తారన్న సమాచారం. ఎవరు ఎవరితో మాట్లాడారన్న చిట్టా తాము దాచుకోమని వాట్సాప్ చెబుతుంది. పై వాక్యంతో ఈ వాక్యం ఎంతవరకు పొసుగుతుందో బయటివాళ్లు తేల్చుకునే మార్గం లేదు. పాలసీ భాష అంత వెడల్పుగా ఉంటుంది. హామీ మాత్రం దాన్ని ఇచ్చినవాళ్ల మాట మీదే నిలబడి ఉంటుంది.

దాచుకోవాల్సింది నాకేముంది అనేవాళ్ల కోసం ఒక మాట. పాతరోజుల్లో ఊళ్లో పోస్ట్‌మాన్ ఒక్క కవరు కూడా విప్పి చూసేవాడు కాదు. అయినా ఎవరి కొడుకు గల్ఫ్ నుంచి నెలనెలా డబ్బు పంపుతున్నాడో, ఎవరింటికి కోర్టు కాగితాలు వస్తున్నాయో, ఎవరి అమ్మాయికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చిందో ఆయనకి తెలుసు. ఆయన మన ఊరివాడు, ఒకడే, నోరు జారితే నిలదీయగలం. ఇక్కడ ఆ తెలివిడి కోట్లమంది గురించి ఒకే చోట చేరుతోంది. చేరాక అక్కడే ఊరుకోదు, ఫేస్‌బుక్‌లో మీరు నొక్కిన లైకులతో, ఇన్‌స్టాగ్రామ్‌లో మీరు ఆగి చూసిన రీల్స్‌తో కలుస్తుంది. మూడు చోట్లా ఒకటే ఫోన్ నంబరు కాబట్టి ఆ కలపడం తేలిక.

మీ డేటా మేం అమ్మం అని మెటా చెబుతుంది. మీ వివరాల ఫైలు తీసి ఎవరి చేతిలోనూ పెట్టదు, ఆ మేరకు నిజమే. విజయవాడలో ఉండి, ఈమధ్యే పెళ్లయి, ఇంటి సామాను చూస్తున్న 25 నుంచి 35 ఏళ్లవాళ్లకి నా ప్రకటన చూపించు అని ఒక షాపువాడు అడిగితే, ఆ మనుషులెవరో మెటాకి తెలుసు. ఆ తెలియడాన్నే అమ్ముతుంది. 2024లో మెటా ఆదాయం 16,450 కోట్ల డాలర్లు, దాదాపు అంతా ఇలా వచ్చిందే. ప్రకటనలు వద్దన్న చీటీ పుట్టిన వాట్సాప్‌లోకి కూడా 2025 జూన్‌లో ప్రకటనలు వస్తున్నాయని కంపెనీ ప్రకటించింది. చాట్లలోకి రావు, స్టేటస్‌లు కనిపించే అప్‌డేట్స్ ట్యాబ్‌లో వస్తాయి. ఊరు, భాష, అనుసరించే ఛానెళ్లు చూసి వాటిని ఎంపిక చేస్తారు. వాట్సాప్‌ని మెటా అకౌంట్స్ సెంటర్‌తో (మెటా యాప్‌ల అకౌంట్లను ఒకచోట కలిపే సెట్టింగ్) కలిపినవాళ్లకైతే మిగతా చోట్ల పోగైన ఇష్టాయిష్టాలు కూడా లెక్కలోకి వస్తాయి.

చేతులు మారిన సమాచారం ఎక్కడ తేలుతుందో చెప్పలేమన్నది 2018లో అందరికీ తెలిసొచ్చింది. ఒక పర్సనాలిటీ క్విజ్ యాప్‌ని దాదాపు 2 లక్షల 70 వేల మంది ఫేస్‌బుక్‌లో పెట్టుకున్నారు. వాళ్ల స్నేహితుల వివరాలు కూడా దాని ద్వారా వెళ్లిపోయి, 8 కోట్ల 70 లక్షల మంది సమాచారం కేంబ్రిడ్జ్ అనలిటికా అనే ఎన్నికల ప్రచార సంస్థకి చేరి ఉండొచ్చని ఫేస్‌బుక్కే ఒప్పుకుంది. మన దేశంలో ఆ యాప్ పెట్టుకున్నవాళ్లు 335 మంది. ప్రభావితమై ఉండొచ్చన్నవాళ్లు 5,62,455 మంది. నాకు దాచుకునేదేం లేదు అన్న ఒక్కరి సమ్మతితో సగటున పదహారు వందల మందికి పైగా వివరాలు బయటపడ్డాయి. గోప్యత నా ఒక్కడి సొంత వ్యవహారం అనుకోవడం ఎందుకు కుదరదో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే అంకె నాకు కనబడలేదు.

వదిలి వెళ్తే ఎక్కడికి?

2021 జనవరిలో సిగ్నల్‌కి పరుగెత్తినవాళ్లలో చాలామంది వెనక్కి వచ్చేశారు. 2025 శరదృతువులో అరట్టై విషయంలోనూ ఇదే జరిగింది. మన దేశపు కంపెనీ జోహో తయారుచేసిన ఆ మెసేజింగ్ యాప్‌ని ఉన్నట్టుండి లక్షల మంది దించుకున్నారు. ఆ ఊపు వచ్చిన రోజుల్లో అందులో రాతపూర్వక చాట్లకి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ కూడా లేదు, అంటే గోప్యత కోసమని వెళ్లినవాళ్లు ఆ విషయంలో ఒక మెట్టు దిగారు. తర్వాత కంపెనీ దాన్ని చేర్చింది. ఈలోపు చాలామంది మళ్లీ పాత గ్రూపుల్లోనే కనిపించారు.

దీన్ని జనం చపలచిత్తమనడం అన్యాయం. విజయవాడలో ఉన్న తల్లి డాలస్‌లో ఉన్న కొడుకుతో రోజూ వీడియోకాల్ మాట్లాడేది వాట్సాప్‌లోనే. స్కూలు వాళ్లు హోంవర్క్ పెట్టేది అందులోనే. అపార్ట్‌మెంట్‌లో నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందో, డయాగ్నొస్టిక్ సెంటర్ నుంచి బ్లడ్ రిపోర్ట్ ఎప్పుడొచ్చిందో తెలిసేది అందులోనే. ఆమె ఒక్కతే సిగ్నల్‌కి వెళ్తే అక్కడ మాట్లాడడానికి మనిషి ఉండడు. అందరూ ఒకే రోజు ఒకే చోటికి వెళ్తే తప్ప ఎవరూ వెళ్లలేరు. అందరినీ ఒకే రోజు కదిలించే శక్తి ఎవరికీ లేదు. ఆర్థికవేత్తలు నెట్‌వర్క్ ఎఫెక్ట్ అనేది దీన్నే. వాడేవాళ్లు పెరిగేకొద్దీ దాని విలువ పెరుగుతుంది, దాన్ని వదలడానికి అయ్యే ఖర్చూ పెరుగుతుంది.

గోప్యత, పెత్తనం ఒకే తాటిమీదికి వచ్చేది ఇక్కడే. ఊళ్లో నాలుగు కిరాణా కొట్లుంటే తూకంలో మోసం చేసిన కొట్టుకి జనం పోవడం మానేస్తారు. ఆ భయమే కొట్టువాడిని దారిలో ఉంచుతుంది. డబ్బు తీసుకోని కంపెనీ మనకి వేసే ధర మన సమాచారం. పోటీ లేకపోతే ఆ ధర పెంచడానికి దానికి అడ్డేమీ ఉండదు. 2016లో ఉన్న టిక్ మార్కు 2021లో మాయమవడానికి కారణం సాంకేతికం కాదు. ఈలోపు ఎవరూ వెళ్లిపోలేరన్న సంగతి కంపెనీకి రూఢి అయింది.

ఈ ముడిని మొదట గట్టిగా పట్టుకున్నది జర్మనీ. వేర్వేరు చోట్ల పోగేసిన డేటాను వినియోగదారుల నిజమైన సమ్మతి లేకుండా కలపడం, మార్కెట్ మీద ఉన్న పట్టును దుర్వినియోగం చేయడమేనని అక్కడి పోటీ నియంత్రణ సంస్థ 2019 ఫిబ్రవరిలో తేల్చింది. ఇలాంటి కేసుల్లో గోప్యత చట్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చని యూరప్ అత్యున్నత న్యాయస్థానం 2023 జులైలో సమర్థించింది.

మన దగ్గర దారి కాస్త ఎక్కువ మెలికలు తిరిగింది. 2016 పాలసీ మీద ఇద్దరు విద్యార్థులు ఢిల్లీ హైకోర్టుకి వెళ్లారు. కోర్టు పాలసీని కొట్టేయలేదు గానీ, సెప్టెంబర్ 25కి ముందు అకౌంట్ తీసేసినవాళ్ల డేటా తుడిచేయాలని, మిగతావాళ్లదైనా ఆ తేదీ దాకా ఉన్నది ఫేస్‌బుక్‌కి ఇవ్వకూడదని చెప్పింది. కేసు సుప్రీంకోర్టుకి చేరింది. ఈలోగా, కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి ఆధార్ మీద వేసిన కేసులో, గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. అందులో జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ రాసిన భాగం ప్రభుత్వం దగ్గర ఆగదు. మనం ఎక్కడున్నామో ఊబర్‌కి, మన స్నేహితులెవరో ఫేస్‌బుక్‌కి తెలుసంటూ ప్రైవేటు కంపెనీల దాకా వెళ్తుంది.

హక్కు ఉందని చెప్పడం వేరు, దాన్ని ఒక కంపెనీ మీద అమలు చేయడం వేరు. ఆ పని చివరికి మన పోటీ నియంత్రణ సంస్థ, కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా మీద పడింది. 2021 మార్చిలో కమిషన్ తనంతట తానే విచారణ మొదలుపెట్టింది. మూడున్నరేళ్ల తర్వాత, 2024 నవంబర్ 18న ఉత్తర్వు ఇచ్చింది. ఒప్పుకుంటే ఉండు, లేకపోతే పో అనే తరహా షరతు ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేయడమేనని తేల్చి మెటాకి 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ప్రకటనల కోసం వాట్సాప్ డేటాను మెటా కంపెనీలతో ఐదేళ్లు పంచుకోకూడదంది. సర్వీసు నడపడానికి సంబంధం లేని అవసరాలకి డేటా ఇవ్వడాన్ని వాట్సాప్ వాడటానికి షరతుగా పెట్టకూడదంది. వద్దనుకునేవాళ్లు వద్దనే వీలు యాప్‌లోనే ఉండాలంది. 2016 నాటి టిక్ మార్కుని వెనక్కి తెమ్మనడమే ఇది, ఈసారి అందరికీ కనబడేలా.

దీని మీద మెటా అప్పీలుకి వెళ్లింది. 2025 జనవరి 23న అప్పీలేట్ ట్రిబ్యునల్ ఐదేళ్ల నిషేధం మీద స్టే ఇచ్చింది. నవంబర్ 4న తుది తీర్పులో ఆ నిషేధాన్ని కొట్టేసి, జరిమానాను మాత్రం ఉంచింది. వద్దనే వీలు వినియోగదారుల చేతికి వచ్చినప్పుడు మొత్తంగా నిషేధించాల్సిన పని లేదన్నది దాని తర్కం. వాదనగా అది బలహీనమైనదేమీ కాదు, వద్దనే బటన్ దొరికే చోట ఉంటేనే. ఇక జరిమానా విషయానికొస్తే, 2024 ఆదాయం లెక్కన మెటా 213 కోట్ల రూపాయలు సంపాదించడానికి గంటన్నర పట్టదు. 2019లో అమెరికా 500 కోట్ల డాలర్ల జరిమానా వేస్తుందన్న వార్త బయటికొచ్చిన రోజు ఫేస్‌బుక్ షేరు పైకే వెళ్లింది. జరిమానాలు ఈ కంపెనీలకి ఖర్చుల పద్దులో ఒక వరుస.

మెటా వైపు వాదన కూడా వినాలి. చౌకగా, అందరికీ అందేలా, ఎన్‌క్రిప్షన్‌తో ఇలాంటి సర్వీసు నడపాలంటే డబ్బు ఎక్కడినుంచో రావాలి. కర్రీ పాయింట్లు, టైలర్లు, పచ్చళ్లు పెట్టి అమెరికాకి పంపే ఆడవాళ్లు దీని మీదే ఆర్డర్లు తీసుకుంటున్నారు. ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లని విడదీయాలని అమెరికా ట్రేడ్ కమిషన్ వేసిన కేసులో 2025 నవంబర్‌లో మెటాయే గెలిచింది. టిక్‌టాక్, యూట్యూబ్‌లతో పోటీ ఉన్నప్పుడు గుత్తాధిపత్యం రుజువు కాలేదని జడ్జి అన్నారు. అక్కడ చర్చకొచ్చింది సోషల్ మీడియా మార్కెట్. మన కమిషన్ చూసింది స్మార్ట్‌ఫోన్‌లో మెసేజింగ్ మార్కెట్‌ని. మీ అమ్మగారి వీడియోకాల్‌కి టిక్‌టాక్ ప్రత్యామ్నాయం కాదు.

వెళ్లే దారి లేకపోవడమే రోగమైతే, మందు ఆ దారి వేయడమే. మనకి అది కొత్త కాదు. ఫోన్‌పే ఉన్నవాళ్లు గూగుల్‌పే ఉన్నవాళ్లకి డబ్బు పంపగలరు. నంబరు మార్చకుండా సిమ్ కంపెనీ మారగలం. ఇవి కంపెనీలు దయతలిచి ఇచ్చినవి కావు, నిబంధనలు పెట్టి తెప్పించుకున్నవి. యూరప్‌లో డిజిటల్ మార్కెట్ల చట్టం కింద వాట్సాప్ 2024 నుంచి ఇతర మెసేజింగ్ యాప్‌లకి తలుపు తెరవాల్సిన బాధ్యతలోకి వచ్చింది. మన దేశంలో డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదా 2024 మార్చిలో వచ్చింది, చట్టంగా మారలేదు. తలుపు తెరిచినంత మాత్రాన అంతా సర్దుకోదు. యూపీఐ లావాదేవీల్లో ఇప్పటికీ దాదాపు 80 శాతం రెండు యాప్‌ల చేతిలోనే ఉన్నాయి. కానీ వాటిలో ఏదైనా రేపు అడ్డగోలు షరతు పెడితే సాయంత్రానికల్లా ఇంకో యాప్‌కి మారగలమని వాటికీ తెలుసు, మనకీ తెలుసు.

కాపాడాల్సినవాళ్ల సంగతి

కంపెనీల నుంచి కాపాడమని ప్రభుత్వాన్ని అడుగుతాం. ఇక్కడే మన అపనమ్మకం ఇంకో మలుపు తిరుగుతుంది. ఏ మెసేజ్‌ని మొదట ఎవరు పంపారో చెప్పాలని 2021 ఐటీ నిబంధనల్లో కేంద్రం షరతు పెట్టింది. అది చేయాలంటే ఎన్‌క్రిప్షన్ పగలగొట్టాలని, అలా బలవంతం చేస్తే దేశం వదిలి పోతామని 2024 ఏప్రిల్‌లో వాట్సాప్ లాయరు ఢిల్లీ హైకోర్టులో చెప్పారు. ఫోన్‌లోకి చొరబడి నిఘా పెట్టే పెగాసస్ స్పైవేర్‌తో దాదాపు 1,400 మంది మీద దాడి చేశారని, దాన్ని తయారుచేసిన ఇజ్రాయెల్ కంపెనీ ఎన్ఎస్ఓ మీద 2019లో కేసు వేసిందీ వాట్సాపే. ఒక చేత్తో మన వివరాలు పోగేసే కంపెనీ, రెండో చేత్తో మన మాటలకి కాపలా కాస్తోంది. ఈ రెండూ నిజమే. ఒకదాన్ని చూపి ఇంకోదాన్ని కొట్టిపారేయడం కుదరదు.

2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కంపెనీలకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయగలదు. దాని నిబంధనలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, కంపెనీల మీద ప్రధాన బాధ్యతలు మొదలయ్యేది ఆ తర్వాత 18 నెలలకి, అంటే 2027 మేలో. ప్రభుత్వం తను కోరుకున్న సంస్థలకి మినహాయింపు ఇచ్చుకునే వీలు మాత్రం ఈ చట్టంలోనే ఉంది. దీని ద్వారానే సమాచార హక్కు చట్టంలో, వ్యక్తిగత సమాచారమంటూ వివరాలు ఇవ్వకుండా నిరాకరించే సెక్షన్‌ని కూడా బిగించేశారు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ చర్చ మరీ దగ్గరికొచ్చింది. 2024 అక్టోబర్ 22న రాష్ట్ర ప్రభుత్వం మెటాతో ఒప్పందం చేసుకుంది. కాంపిటీషన్ కమిషన్ ఉత్తర్వు ఆ తర్వాత నెల తిరగకుండానే వచ్చింది. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లో మొదలయ్యాయి. సర్టిఫికెట్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకి ఇది ఎంత ఊరటో తెలుసు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసేయను. పని మానుకుని, ఆటో ఎక్కి, రెండుసార్లు వెనక్కి వచ్చే బదులు ఇంట్లో కూర్చుని సర్టిఫికెట్ తెచ్చుకోవడం పేదవాళ్లకి నిజమైన లాభం.

అయితే వ్యాపార సంస్థలతో చేసే చాటింగ్ సంగతి తర్వాత చెబుతానన్నాను, అది ఇక్కడ వర్తిస్తుంది. పెద్ద సంస్థలు వాడే వాట్సాప్ బిజినెస్ వ్యవస్థ ఇప్పుడు మెటా సర్వర్ల మీద నడుస్తోంది. ఫోన్ నుంచి అక్కడిదాకా మెసేజ్ భద్రంగానే వెళ్తుంది. ఆ తర్వాత దాన్ని ఏం చేయాలన్నది అవతలి సంస్థ విధానాన్ని బట్టి ఉంటుంది. ఈ మెసేజ్‌లని ప్రకటనలకి తనంతట తాను వాడనని మెటా చెబుతోంది. కులం, ఆదాయం, భూమి లాంటి వివరాలు ప్రభుత్వానికి ఇస్తున్నవాళ్లు ఈ సంగతి తెలిసి ఇస్తున్నారా అన్నది నా సందేహం. కొత్త డేటా చట్టం ఏడో సెక్షన్ ప్రకారం సబ్సిడీలు, సర్టిఫికెట్లు, లైసెన్సుల కోసం ప్రభుత్వం మళ్లీ సమ్మతి అడగకుండానే డేటా వాడుకోవచ్చు. అంటే 2027 మే వచ్చినా ‘మన మిత్ర’లో ‘అంగీకరిస్తున్నాను’ అనే బటన్ కూడా కనిపించకపోవచ్చు. మనం ఇచ్చిన వివరాలు ఎక్కడ ఉంటాయి, ఎంతకాలం ఉంటాయి, ఎవరు చూడగలరు అన్నది ఆ చాట్ మొదటి మెసేజ్‌లోనే సూటిగా, తెలుగులో ఉండాలి. వాట్సాప్ వాడని మనిషికి అదే సర్టిఫికెట్ గ్రామ సచివాలయం కౌంటర్ దగ్గర అదే గడువులో చేతికి రావాలి. ఈ రెండూ అమరావతిని అడగడానికి ఏ తీర్పు కోసమూ ఆగనక్కర్లేదు.